ఇరవై రెండు నిమిషాలు ఆగిన వాచీ

శనివారం ఉదయం పది గంటలకు ఎవరో తలుపు కొట్టారు. మరిది వెళ్ళి తీసేసరికి, కొట్టిన మనిషి అప్పుడే వెనక్కి తిరిగి మెట్లు దిగిపోతోంది.

"ఏమ్మా, కొట్టిందీ మీరే, వెళ్ళిపోయేదీ మీరేనా?" అన్నాడు.

ఆమె ఆగింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. చెప్పులు రెండూ రెండు రకాలు. ఇంట్లోంచి ఎంత కంగారుగా బయటపడిందో చెప్పడానికి అదొక్కటి చాలు.

"డిటెక్టివ్ గారు... ఉన్నారా?"

"ఉన్నారు. మా వదినగారే. రండి."

ఆ ముందుగదికి 'ప్రైవేట్ పరిశోధనలు' అని జానెడు బోర్డు ఉంది. లోపల కూర్చునే ఆమె పదిహేనేళ్ళు పరీక్షల్లో కాపీలు పట్టే ఉద్యోగం చేసి, ఇక పిల్లల్ని ఏడిపించింది చాలని పెద్దల మీద పడింది. వచ్చినవాళ్ళందరికీ మరిది "మా వదినగారు" అని చెప్పీ చెప్పీ, చివరికి వీధి వీధంతా ఆమెను వదినగారనే పిలవసాగింది. మరిది పనులు మూడు. కాగితాలు రాయడం, టీ పెట్టడం, వదిన తెలివికి ఆశ్చర్యపోవడం. మూడోది మాత్రం జీతం లేకపోయినా చేసేవాడు.

వచ్చినామె కుర్చీ అంచున కూర్చుంది.

"మాది వాచీల షాపు మేడమ్. మా మామయ్యది. రిపేర్లు నేను చేస్తాను. ఇవాళ సాయంత్రం నాలుగింటికి నన్ను పోలీసులకి అప్పజెప్తామన్నారు."

"ఎవరు?"

"కెప్టెన్ గారు. ఓడల్లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన కంపెనీ వాళ్ళు ఎప్పుడో పాతికేళ్ళ కిందట ఇచ్చిన క్వార్ట్జ్ వాచీ ఒకటుంది. ముళ్ళూ మిషనూ మామూలువే గానీ, చుట్టూ ఉన్న చట్రం అసలు బంగారం. వెనక మూత స్టీలు, దాని మీద ఆయన పేరు చెక్కి ఉంటుంది. సోమవారం సాయంత్రం బ్యాటరీ కోసం ఇచ్చారు. అప్పుడే మార్చి, కీ లాగి టైము సరిచేసి, మామయ్యకి చూపించి సొరుగులో పెట్టాను. బుధవారం ఆయన మేనల్లుడొచ్చి పట్టుకెళ్ళాడు. నిన్న కెప్టెన్ గారికి చెయ్యి తేలిగ్గా అనిపించి కంసాలితో గీయిస్తే..." ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "ఇత్తడి మీద పూత మేడమ్. మూత ఆయనదే, మిషను ఆయనదే. చట్రం మాత్రం కాదు."

"షాపులో ఎవరెవరుంటారు?"

"మామయ్య, మేస్త్రీగారు, నేను. మా ఆయన రైల్లో గార్డు, ఇంకో వారానికి గానీ రారు. మేస్త్రీగారు ముప్ఫై ఏళ్ళుగా ఉన్నారు. వాళ్ళిద్దరివీ కీ ఇచ్చే వాచీలు, గోడ గడియారాలు. బ్యాటరీ వాచీల పని నాకొక్కదానికే వచ్చు. కాబట్టి నేనే."

"మీ మామయ్య ఏమన్నారు?"

అంతవరకూ బిగబట్టుకున్నది ఆ ప్రశ్నకి తెగిపోయింది. కళ్ళు తుడుచుకుంటూనే చెప్పింది.

"ఏమీ అనలేదు. నా బల్ల మీది దీపం ఆర్పేసి, 'ఇక ఇక్కడ కూర్చోకమ్మా' అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది. పెళ్ళయి వచ్చేనాటికి నాకు స్క్రూ తిప్పడం కూడా రాదు. చెయ్యి పట్టుకుని ఆయనే నేర్పారు. పోలీసులంటే భయం లేదని కాదు. కానీ ఇవి దొంగ చేతులని ఆయనే నమ్మితే, ఇంక వీటితో నేనేం చెయ్యాలి మేడమ్?"

మరిది టీ గ్లాసు ఆమె ముందు పెట్టి, వదిన వంక చూశాడు. వదిన ఓదార్చే రకం కాదు. ప్రశ్న అడగడమే ఆమె ఓదార్పు.

"బ్యాటరీ మార్చాలంటే మిషను బయటికి తీయాలా?"

"అక్కర్లేదు. వెనక మూత తీస్తే చాలు."

"మరి చట్రం మార్చాలంటే?"

"మొత్తం తీయాలి. దానికి ముందు కీ తీయాలి. వాచీ పక్కన తిప్పే కీ ఉంటుంది కదా, దాని కాడ చట్రంలోంచి దూరి మిషన్లోకి మేకులా దిగి ఉంటుంది. ఆ కాడ ఊడదీస్తే గానీ మిషను కదలదు."

"అయితే దొంగ కాడ తీశాడు," అంది వదిన లేచి నిలబడి. "బంగారం సంగతి తర్వాత. ముందు ఆ కాడ సంగతి చూద్దాం. నువ్వు ఇంటికెళ్ళి చెప్పులు మార్చుకో. రెండింటికి నీ పనిముట్లతో ఇక్కడికి రా."

*

కెప్టెన్ ఇల్లు ఓడ గదిలా ఉంది. ప్రతి వస్తువూ దాని చోట్లోనే ఉంది, ఒక్క కెప్టెన్ కోపం తప్ప.

"ఆ అమ్మాయి తరఫున వచ్చారా? అయితే మాట్లాడేదేం లేదు."

"నేను వాచీ తరఫున వచ్చానండీ," అంది వదిన. "ఒక్కసారి చూపించండి."

ఆ మాట ఆయనకి నచ్చినట్టుంది. జేబురుమాల్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. మరిది తన ఫోనులో టైము చూశాడు. పదకొండు. వాచీలో పది ముప్ఫై ఎనిమిది.

"వెనకుందే," అన్నాడు మరిది.

"ఇరవై రెండు నిమిషాలు. గురువారం పొద్దున నా చేతికొచ్చినప్పుడూ ఇరవై రెండే. నిన్నా, ఇవాళా, ఎప్పుడు చూసినా ఇరవై రెండే. సరిచేద్దామంటే కీ ఊరికే తిరుగుతోంది, ముళ్ళు కదలవు. పాతికేళ్ళలో ఇది నెలకి పది సెకన్లు తప్పి ఎరగదు. దొంగతనం చేస్తే చేశారు, పని కూడా చెడగొట్టారు!"

వదిన కీ గోటితో లాగి తిప్పి చూసింది. నిజమే, గాలిలో తిరిగినట్టు తిరిగింది. ముళ్ళు తమ దారిన తాము నడుస్తున్నాయి.

"షాపు నుంచి తెచ్చిందెవరండీ?"

మేనల్లుణ్ణి పిలిచారు. పాతికేళ్ళవాడు, ఏ పనికైనా రేపు చూద్దాంలే అనే తరహా. బుధవారం రాత్రంతా వాచీ తన దగ్గరే ఉందని వాడు చెప్పగానే మరిది కలం ఠక్కున ఆగింది. వాణ్ణి ఎగాదిగా చూసి, పుస్తకంలో ఒక గీత బలంగా గీశాడు.

"షాపులోనే పెట్టుకుని చూశానండీ," అన్నాడు మేనల్లుడు. "నా ఫోన్లో సరిగ్గా పన్నెండు. చేతిలో వాచీ పదకొండు ముప్ఫై ఎనిమిది. గోడ మీద గడియారం పన్నెండూ అయిదు. ఒక్క షాపులో మూడు టైములు! నవ్వొచ్చింది. సరే, ఫోను చూసి తిప్పుదామంటే కీ పని చెయ్యలేదు. మేస్త్రీగారిని అడిగితే, కొత్త బ్యాటరీ కదా, రెండ్రోజుల్లో అదే సర్దుకుంటుందిలే అన్నారు. సరేలే అని వచ్చేశా."

"సరేలే అంటే సరిపోతుందిరా నీకు!" అన్నాడు కెప్టెన్.

నాలుగింటికి ఆయన్నీ మేనల్లుణ్ణీ షాపుకి రమ్మని చెప్పి, వాచీ తీసుకుని బయటపడింది వదిన. వీధి మలుపు తిరగ్గానే మరిది ఆగలేకపోయాడు.

"వదినా, వాడే. రాత్రంతా వాడి దగ్గరే ఉంది. ముఖం చూడు, నవ్వొచ్చిందట నవ్వు!"

"వాడికి పాలప్యాకెట్టు విప్పడమే బద్ధకం. వాచీ విప్పుతాడా?" అంది వదిన. "అయినా కీ షాపులోనే పని చెయ్యలేదన్నాడు. అబద్ధమైతే మేస్త్రీని అడిగి తేల్చుకోవచ్చు. దొంగ అలా సాక్షిని పెట్టి అబద్ధమాడడు."

*

షాపు పది అడుగుల వెడల్పు. ముందు కౌంటరు, లోపల రెండు బల్లలు. కిటికీ పక్క వెలుతురున్న బల్ల ఖాళీగా ఉంది, దాని దీపం ఆర్పేసి ఉంది. గోడ వైపు బల్ల దగ్గర మేస్త్రీ వంగి పనిచేసుకుంటున్నాడు. గోడకి నిలువెత్తు లోలకం గడియారం. అందులో పన్నెండూ ఇరవై. మరిది ఫోనులో పన్నెండు.

"మేస్త్రీగారూ, బుధవారం కెప్టెన్ గారి మేనల్లుడు కీ తిరగట్లేదని మీతో అన్నాడా?"

"అన్నాడు," అన్నాడు మేస్త్రీ తలెత్తకుండానే. "నేనేం చెప్పగలను? ఆ బ్యాటరీ బొమ్మలు నేను ముట్టను. ముప్ఫై ఏళ్ళలో ఒక్కటీ విప్పలేదు. ఏదో నోటికొచ్చింది చెప్పి పంపేశా."

మరిది సంచీలోంచి పుస్తకం తీయబోతే జిప్పు ఇరుక్కుంది. లాగుతూ అవస్థ పడుతుంటే మేస్త్రీ సన్నటి సూదిని నూనెలో ముంచి, జిప్పుకి ఒక్క చుక్క తాకించాడు. అది వెన్నలా జారింది.

"నూనె పెట్టకుండా ఏదీ ఎక్కించకూడదు బాబూ. తలుపు బందైనా, వాచీ కాడైనా. మా గురువుగారి మాట."

"భలే," అన్నాడు మరిది మెచ్చుకోలుగా.

"మరి ఆ గోడ గడియారానికి ఏమైందండీ?" అడిగింది వదిన. "ఇరవై నిమిషాలు ముందుంది."

"ముసలిదైపోయింది. రేపు ఆదివారం కదా, ఇంటికి పట్టుకెళ్ళి తీరిగ్గా విప్పి చూస్తా. సోమవారానికి కుర్రదానిలా తిరుగుతుంది."

"కీ ఎప్పుడిస్తారు దానికి?"

"సోమవారం సోమవారం. నేనే ఇచ్చి టైము సరిచేస్తాను. ఇంకెవరూ ముట్టరు దాన్ని."

కౌంటరు దగ్గర పెద్దాయన, ఆ అమ్మాయి మామయ్య, రసీదు రాస్తున్నాడు. చెయ్యి వణుకుతుంటే అంకె మీద అంకె పడి, ఆ కాగితం చింపేసి మరోటి తీసుకున్నాడు. ఒకప్పుడు చీమ కంటిలో నలుసు తీయగల చెయ్యని ఊరంతా చెప్పుకునేవారు.

"మంగళవారం మధ్యాహ్నం మీరెక్కడున్నారండీ?"

"ఇక్కడే. పన్నెండుకి అన్నం తిని, ఈ కుర్చీలోనే ఒక కునుకు తీస్తాను. అమ్మాయి బడిలో వాళ్ళ పాపకి క్యారియరిచ్చి పన్నెండూ ముప్పావుకి వచ్చేస్తుంది. వచ్చి లేపుతుంది." ఆయన చూపు ఖాళీ బల్ల మీదికి పోయింది. "లేపేది," అని దిద్దుకున్నాడు.

వాళ్ళు గుమ్మం దాటబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"క్షమించాలి. మీరు లోపలి బల్లల దాకా వెళ్ళారు. జేబులు తిరగేసి, బట్టలు ఒకసారి దులపాలి. సంచీ కూడా. ఇసుక రేణువంత స్క్రూలుంటాయి, ఎవరి మడతలో పడ్డాయో తెలియదు. ఇక్కడి రూలు."

"మీకు కూడానా?"

"నాకు కూడా. ముప్ఫై ఏళ్ళుగా ఒకరి ఎదుట ఒకరు దులుపుకునే వెళ్తాం."

వదిన కొంగు విదిలించింది. మరిది జేబుల్లోంచి రెండు బస్సు టిక్కెట్లూ ఒక చాక్లెట్ కాగితమూ బయటపడ్డాయి, పరువు కూడా కొంత పోయింది.

"ఈ వారం ఎవరైనా దులపకుండా వెళ్ళారా?" అడిగింది వదిన.

"నేనుండగా ఎవరూ వెళ్ళరు."

వదిన ముఖంలో కనబడీ కనబడని నవ్వు చూసి మరిదికి ధైర్యం వచ్చింది. ఆ నవ్వు వచ్చిందంటే లెక్క తేలినట్టే. ఏ లెక్కో మాత్రం అతనికి అంతుపట్టలేదు.

*

రెండింటికి షాపు పెద్దాయన కోడలు వదిన ముందుగదిలో తెల్లగుడ్డ పరిచి, కంటికి అద్దం బిగించి వాచీ వెనక మూత తీసింది. పని చేతికి దొరకగానే ఆమె కంగారు పోయింది.

"ఇదేమిటి, ఎవరో నూనె పెట్టారు!" అంది. "కాడ పక్కనుంచి బ్యాటరీ దాకా పాకింది. ఈ మిషన్లకి ఇక్కడ నూనె పెట్టనే పెట్టం. సోమవారం లేదిది."

"ఇప్పుడు కాడ ఎలా తీస్తారో చెప్పమ్మా. నాకు అర్థమయ్యేలా."

"ఇదిగో, కాడ పక్కన ఈ రేకు మీద ఆవగింజంత గుంట ఉంది చూశారా? సన్నటి మొనతో దీన్ని నొక్కి పట్టుకుని కీ లాగితే కాడ ఊడొస్తుంది. కానీ ఈ పాత రకంలో కీ పూర్తిగా లోపలికి ఉన్నప్పుడే నొక్కాలి. టైము తిప్పడానికి లాగినట్టు బయటికి లాగి నొక్కితే, డయల్ కింద ఉండే బుల్లి పళ్ళ చక్రం చోటు తప్పి జారిపోతుంది. కాడ మళ్ళీ పెడితే దిగుతుంది గానీ దేన్నీ పట్టుకోదు. ఊరికే తిరుగుతుంది."

"ఇప్పుడు తిరుగుతున్నట్టు."

"అవును. అలా జారితే డయల్ విప్పి సర్దాలి, గంట పని."

"కీ బయటికి లాగి ఉంటే వాచీ నడుస్తుందా?"

"నడవదు. లాగగానే ఆగుతుంది. కాడ మళ్ళీ ఎక్కించి లోపలికి నొక్కాకే నడుస్తుంది."

"మరి కీ ముందు బయటికి లాగి తీయాలని ఎవరైనా ఎందుకనుకుంటారు?"

కోడలు జవాబు చెప్పబోయి ఆగిపోయింది. కంటి అద్దం తీసేసింది.

"మేడమ్, ఇక్కడితో ఆపేద్దాం."

"ఏం?"

"ఆపేద్దామండీ. నేనే తీశానని ఒప్పుకుంటాను. కెప్టెన్ గారి కాళ్ళు పట్టుకుంటాను."

మరిది నోరు తెరుచుకుని ఉండిపోయాడు. వదిన మాత్రం మెల్లగా అడిగింది. "కీ ఇచ్చే వాచీల్లో బయటికి లాగే తీస్తారు. అంతేనా?"

"మామయ్య మొదటిరోజు నాకు నేర్పింది అదే," అంది కోడలు, నేలచూపులు చూస్తూ. "ముందు లాగు, ఆ తర్వాతే వదులు చెయ్యి, అని. ఆయన ఇంత వయసులో... వద్దు మేడమ్. నా పరువు పోతే పోయింది."

వదిన వంగి వాచీ ఆమె ముందుకి జరిపింది.

"అద్దం పెట్టుకో. ఆ ఆవగింజంత గుంట చుట్టూ గీతలేమైనా ఉన్నాయా?"

కోడలు చాలాసేపు చూసింది. "లేవు. ఒక్కటీ లేదు. ఒకే దెబ్బకి మొన సరిగ్గా దిగింది."

"అయితే కన్నీళ్ళు దాచుకో. నాలుగింటికి పనికొస్తాయేమో, కానీ దుఃఖానికి కాదు."

*

నాలుగింటికి షాపు కిక్కిరిసింది. కెప్టెన్ నిటారుగా నిలబడ్డాడు, మేనల్లుడు గుమ్మానికి ఆనుకున్నాడు. పెద్దాయన కౌంటరు వెనక, మేస్త్రీ తన బల్ల దగ్గర. కోడలు తలుపు పక్కనే, లోపలికి రమ్మని ఎవరూ అనకపోతే అక్కడే ఉండిపోయింది.

"ముందు మేస్త్రీగారిని ఒక సాయం అడుగుతాను," అంది వదిన. బల్ల మీదున్న పాత కీ వాచీ ఒకటి తీసి ఇచ్చింది. "దీని కాడ ఎలా తీస్తారో ఒక్కసారి చూపించండి."

మేస్త్రీ నవ్వాడు. అది అతనికి పిల్లలాట. గోటితో కీ బయటికి లాగాడు, స్క్రూ అర చుట్టు వదులు చేశాడు, కాడ తీసి చూపించాడు. మళ్ళీ పెట్టేటప్పుడు అలవాటుగా నూనె సూది అందుకుని, ఒక చుక్క తాకించి ఎక్కించాడు.

"ముందు బయటికి ఎందుకు లాగారు?"

"అలాగే తీయాలి. అలా నేర్చుకున్నాం."

"ఇద్దరమూ ఒకే గురువు దగ్గర," అన్నాడు పెద్దాయన. "నేనైనా అంతే."

"బాగుంది. ఇప్పుడు వాచీ చెప్పింది వినండి." వదిన కెప్టెన్ వాచీ కౌంటరు మీద పెట్టింది. "ఇది నెలకి పది సెకన్లు కూడా తప్పదు. అలాంటిది ఇరవై రెండు నిమిషాలు వెనకపడింది, అక్కణ్ణుంచి మళ్ళీ ఒక్క సెకను తప్పలేదు. అంటే చెడిపోలేదు. ఎవరో కీ లాగి ఇరవై రెండు నిమిషాలు ఆపారు. ఆ ఇరవై రెండు నిమిషాల్లోనే చట్రం మారింది. సోమవారం సాయంత్రం ఈ అమ్మాయి టైము సరిచేసి మీకు చూపించింది, అవునా?"

"చూశాను," అన్నాడు పెద్దాయన. "సరిగ్గానే ఉంది."

"బుధవారం పన్నెండుకి కీ పని చెయ్యట్లేదు. కాబట్టి పని ఈ మధ్యలో, ఈ షాపులో జరిగింది. ఎలా జరిగిందో కూడా వాచీయే చెబుతోంది. కాడ తీసినవాడు కీ బయటికి లాగి తీశాడు. కీ వాచీల్లో అది పద్ధతి. ఈ వాచీలో అది తప్పు. లోపల చక్రం జారింది. ఈ అమ్మాయి రోజుకి పది తీస్తుంది, ఆ తప్పు నిద్రలో కూడా చెయ్యదు. ఒకవేళ చేసినా గంటలో సర్దగలదు, ఇలా ఊరిమీదికి వదలదు. సర్దడం రానివాడే అలా వదిలాడు. పైగా నూనె పెట్టాడు."

కెప్టెన్ మేస్త్రీ వైపు తిరిగాడు. మేస్త్రీ పెద్దాయన వైపు చూశాడు.

"అన్నగారికీ అదే అలవాటు," అన్నాడు నింపాదిగా.

తలుపు పక్క నుంచి కోడలు ఒక అడుగు ముందుకేసింది. వదిన చేత్తో ఆపింది.

"ఉంది. కానీ నొక్కాల్సిన గుంట ఆవగింజంత. దాని చుట్టూ ఒక్క గీత లేదు. రసీదు మీద అంకె కుదురుగా వేయలేని చెయ్యి అక్కడ మొన దించితే, కోడి కెలికిన పెంటలా ఉండేది. క్షమించండి పెద్దాయనా."

"నిజమేగా," అన్నాడు పెద్దాయన తన చేతుల్ని చూసుకుంటూ.

"మాటలకేం, ఎన్నైనా చెబుతారు," అన్నాడు మేస్త్రీ. "బంగారం ఏదీ? రోజూ జేబులు దులిపే వెళ్తున్నాను. అన్నగారే సాక్షి."

"అందుకే అది ఈ షాపు దాటలేదు," అంది వదిన. మరిదికి ఈ స్వరం తెలుసు. పరీక్ష హాల్లో నేరుగా చీటీ ఉన్న బెంచీ దగ్గరికి నడిచే స్వరం ఇది. "లోపలికి వచ్చేటప్పుడు ఎవరూ దులపరు, కాబట్టి ఇత్తడి చట్రం తేలిగ్గా వచ్చింది. బంగారానిది బయటికి వెళ్ళాలంటే జేబు కాని దారి కావాలి. ఇప్పుడు గోడ వైపు చూడండి. బుధవారం పన్నెండుకి ఆ గడియారం అయిదు నిమిషాలు ముందుంది. ఇవాళ పన్నెండుకి ఇరవై. మూడు రోజులకి పదిహేను, రోజుకి అయిదు. వెనక్కి లెక్కేస్తే అది తప్పడం మొదలైంది మంగళవారం పన్నెండు ప్రాంతంలో. అమ్మాయి బడికి వెళ్ళిన వేళ, పెద్దాయన కునుకు తీసిన వేళ. ముసలితనం అలా గంట కొట్టినట్టు మంగళవారం మధ్యాహ్నం రాదు మేస్త్రీగారూ. లోలకం కడ్డీ మీద కొత్త బరువు చేరితే నడక మారుతుంది. పనిముట్లన్నీ ఇక్కడుంటే, రిపేరుకి దాన్ని ఇంటికెందుకు మోసుకెళ్ళాలి?"

మేస్త్రీ లేచాడు. గడియారానికీ మనుషులకీ మధ్య నిలబడ్డాడు. "దీన్నెవరూ ముట్టకూడదు. నడక పాడవుతుంది."

"తప్పుకో," అన్నాడు పెద్దాయన.

ఆయన కౌంటరు దాటి వచ్చి, వణికే చేతులతో గడియారం తలుపు తెరవడానికి నాలుగుసార్లు ప్రయత్నించాడు. ఎవరూ సాయం వెళ్ళలేదు. అయిదోసారికి తెరుచుకుంది. లోలకం కడ్డీ వెనక, సగం ఎత్తులో, వాచీలు తుడిచే పసుపు గుడ్డ ముడి కట్టి ఉంది. విప్పితే గుండ్రటి బంగారు చట్రం కౌంటరు మీద పడి, ఒక చుట్టు తిరిగి ఆగింది.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అన్నాడు మరిది, పట్టలేక. "మా వదిన సంగతి ఆయనకి తెలియదు."

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన మేస్త్రీని చూస్తూ నిలబడ్డాడు.

"ఎందుకురా?"

"కిటికీ పక్క బల్ల ఎవరిది?" అన్నాడు మేస్త్రీ. అతని గొంతు ఒక్కసారిగా ముసలిదైంది. "ఇరవై ఎనిమిదేళ్ళు ఆ వెలుతుర్లో కూర్చుంది నేను. రెండేళ్ళ కిందట బ్యాటరీ బొమ్మలే వస్తున్నాయని నన్ను గోడకి జరిపి అమ్మాయిని కూర్చోబెట్టావు. ఒక్క మాట అడిగావా? అదే రకం పూత చట్రం నా పాత సామాన్లో కనబడింది. ఈమె పోతే బల్ల తిరిగొస్తుందనుకున్నా."

"అడగలేదు. అది నా తప్పే," అన్నాడు పెద్దాయన. "నువ్వు నన్ను తిట్టాల్సింది. నా మీద నింద వేయాల్సింది. దాని జోలికి ఎందుకెళ్ళావు?"

కెప్టెన్ అతని భుజం మీద చెయ్యి వేసి స్టేషనుకి పదమన్నాడు. గుమ్మం దగ్గర మేస్త్రీ అలవాటు కొద్దీ ఆగి, జేబులు రెండూ తిరగేసి చూపించి, బయటికి నడిచాడు. అది చూసి మరిదికి దొంగ మీద ఉన్న కోపం సగం పోయింది. అందుకు తనమీద తనకే చిరాకేసింది.

వెళ్తూ వెళ్తూ కెప్టెన్ వెనక్కి తిరిగి కోడలితో అన్నాడు. "తప్పు నాది. బహిరంగంగా అన్నాను, బహిరంగంగానే చెబుతున్నాను. ఆ మిషను నా చట్రంలో మళ్ళీ పెట్టాలి. నువ్వే పెట్టాలి. ఇంకెవరు ముట్టుకున్నా నేనొప్పుకోను."

ఆమె తలూపింది. మేనల్లుడు కూడా ఆయన వెంటే వెళ్ళాక షాపులో నలుగురే మిగిలారు. మరిది కిటికీ బల్ల దగ్గరికెళ్ళి ఏదో చూస్తున్నట్టు నటించాడు. వదిన ఆ నటన కూడా చెయ్యలేదు, సూటిగా చూస్తూ నిలబడింది.

పెద్దాయన కోడలి దాకా నడిచాడు.

"కీ లోపలికి ఉంచి నొక్కాలని నాకు నిజంగా తెలియదమ్మా. తెలిసుంటే నిన్ననే తేలిపోయేది. రెండేళ్ళుగా నా పక్కనే చేస్తున్నావు, ఒక్కసారి వంగి చూసిన పాపాన పోలేదు. నాకు నేర్పుతావా?"

కోడలి కళ్ళు నిండాయి.

"మీరు నన్ను ఒక్క మాట అడగలేదు మామయ్యా. నువ్వు తీశావా అని కూడా అడగలేదు. నాకు చాలా కోపంగా ఉంది."

"ఉండాలి."

"ఇవాళ నేర్పను. ఇవాళ నేర్పితే తిడుతూ నేర్పుతాను."

"మరి నేనూ నీకు మొదటి ఏడాదంతా తిడుతూనే నేర్పాను కదా," అన్నాడు పెద్దాయన. "అలాగే కానీ."

ఆమె కిటికీ పక్క తన బల్ల దగ్గరికి నడిచింది. తర్వాత తన స్టూలు పక్కన ఇంకో స్టూలు లాగి వేసి, "కూర్చోండి. ఆ చేతులు బల్లకి ఆనించి పెట్టుకోండి, అప్పుడు వణకవు. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అంది, మొదటిసారే చెబుతూ.